ఆమెన్ అయ్యేదాకా

కొత్తగా కాక్‌పిట్‌లో కూర్చోబోతున్న పిల్లలు అప్పుడప్పుడు అశోక్‌నగర్‌లోని మా ఇంటికి వస్తుంటారు. అందరూ ఒకటే అడుగుతారు, సర్వీసు మొత్తంలో మీరు అన్నిటికంటే ఎక్కువ భయపడింది ఎప్పుడు సార్ అని. ఏ తుఫాను గురించో, ఇంజన్ ఆగిపోవడం గురించో చెబుతానని ఎదురుచూస్తారు. నేను ఒక ప్రార్థన గురించి చెబుతాను. మొదట వాళ్ల ముఖాలు చిన్నబోతాయి. చివరిదాకా విన్నాక మాత్రం ఎవరూ నవ్వరు.

ముందు ఒక నియమం చెప్పాలి. విమానం దిగేటప్పుడు పదివేల అడుగుల కిందికి వచ్చింది మొదలు నేల మీద ఆగేదాకా, ఎక్కేటప్పుడు ఆ ఎత్తు దాటేదాకా, కాక్‌పిట్‌లో పనిమాట తప్ప మరో మాట ఉండకూడదు. ఇంటి కిరాయి గురించి, ప్రమోషన్ల గురించి, నిన్న తిన్న బిర్యానీ గురించి ఆ వేళ మాట్లాడకూడదు. క్యాబిన్ సిబ్బంది కూడా ప్రమాదం ఉంటే తప్ప మమ్మల్ని పిలవకూడదు. కూలిపోయిన విమానాల్లో చివరి మాటలను శిక్షణలో మాతో చదివించేవారు. వాటిలో ఆఖరి అరుపు చదివినప్పటికంటే, దానికి కాస్త ముందు ఇద్దరు మనుషులు ఎంత తీరికగా కబుర్లు చెప్పుకున్నారో చదివినప్పుడే నాకు ఎక్కువ భయం వేసేది.

నా ఉద్యోగం చివరి ఏళ్లలో నేను చెక్ కెప్టెన్‌ని. అంటే పైలట్లిద్దరి వెనక ఉండే మడత సీట్లో కూర్చుని, వాళ్ల పని చూసి నివేదిక రాసేవాణ్ణి. నేను వస్తున్నానంటే ఎంత సీనియర్ అయినా టై సర్దుకునేవాడు.

నా గురించి ఇంకొకటి కూడా చెప్పాలి. మా నాన్న క్రైస్తవ సంఘంలో బోధ చేసే ఉపదేశి. అక్షరాలకంటే ముందు నాకు బైబిల్ వాక్యం వచ్చింది. ఎవరైనా ప్రార్థన చేస్తుంటే దగ్గు వచ్చినా ఆపుకోవాలి, చేతి మీద ఈగ వాలినా తోలుకోకూడదు, ఆమెన్ అయ్యేదాకా కదలకూడదు. ఇంట్లో నాన్న ప్రార్థనలో ఉండగా పొయ్యి మీద పాలు పొంగి కారిపోతున్నా అమ్మ లేచేది కాదు. మాడు వాసన ఇల్లంతా నిండేది. ఆమెన్ అన్నాకే లేచి పరుగెత్తేది.

మా సంఘం నారాయణగూడలో ఒక సందు చివర కూడుకునేది. కింద కుట్టుమిషన్ల దుకాణం, పైన మా హాలు. ఆ సంఘంలో పెద్ద, మా కంపెనీలో నాకంటే సీనియర్ కెప్టెన్, ఒకే మనిషి. చిక్కడపల్లిలో ఉండేవాడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పక్క సీట్లో కూర్చుని విమానం దింపడం నేర్పినవాడు. నేను బాప్తిస్మం తీసుకుని నీళ్లలోంచి లేచినప్పుడు భుజాల మీద తువాలు కప్పినవాడు. సంఘంలో అందరికీ ఆయన అన్నే. నాకు మరీ అన్న.

ఆదివారం ఆరాధన కాగానే జనం ఆయన చుట్టూ చేరేవారు.

"వందనాలు అన్నా. ఈ వారం ఎటు డ్యూటీ?" అని సుల్తాన్ బజార్‌లో దుప్పట్ల దుకాణం నడిపే ఆయన అడిగేవాడు.

"ఢిల్లీ, తమ్మీ."

"పైకి పోయినప్పుడు జర మా ఇంటామెను యాది చెయ్యన్నా. డయాలసిస్ మొదలువెట్టిండ్రు."

"చేస్త. తప్పకుంట చేస్త."

వెనక నుంచి ఒక అమ్మాయి తోసుకొచ్చేది. పాలమూరు పక్క ఊరి నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో హాస్టల్‌లో ఉంటూ గ్రూప్స్‌కు చదువుతోంది. "అన్నా, నాకైతే నోటిఫికేషన్ పడాలని చెయ్యి. ఫస్ట్ అది పడనీ. పాసయ్యేది నేను చూస్కుంట."

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్‌లు, వాయిదా పడే పరీక్షలు, లైబ్రరీ ముందు ఎదురుచూసే పిల్లలు. ఆ అమ్మాయి మాటకు అందరం నవ్వేవాళ్లం. మా పాస్టర్ గారు కూడా నవ్వుతూ, "మేం కింద నుంచి చేస్తే లోకల్ కాల్, కెప్టెన్ గారు చేస్తే డైరెక్ట్ లైన్ అనుకుంటుండ్రు వీళ్లు" అనేవారు. అందులో కొంచెం నొప్పి కూడా ఉండేదేమో.

ఆ అలవాటులో తప్పేముందని నేనూ అనుకున్నాను. పైన ముప్పై వేల అడుగుల ఎత్తున, విమానం తనంతట తాను పోతున్నప్పుడు, మనసులో నలుగురి పేర్లు తలుచుకుంటే ఎవరికి నష్టం? కానీ ఒక ఆదివారం సహవాస భోజనాల దగ్గర ఆయన సాక్ష్యం చెప్పడానికి, అంటే దేవుడు తనలో చేసిన మేలు పంచుకోవడానికి, లేచాడు.

"ఢిల్లీ నుంచి వస్తుంటం. మబ్బుల కిందికి దిగంగనే ఎదురుంగ మన సాగర్ చెరువు కనవడ్తది. దాని పక్కన చిక్కడపల్లి, నారాయణగూడ, మీ అందరి ఇండ్లు. అగ్గిపెట్టెల లెక్క. గప్పుడు నేను ఆగలేను. ఒక్కొక్కల పేరు తీసి, ఆ ఇంటి మీదికెంచి పోతూ పోతూ ప్రార్థన చేస్త."

హాలంతా ఆమెన్ అంది. కొందరు కళ్లు తుడుచుకున్నారు. నా చేతిలో అన్నం ముద్ద అలాగే ఉండిపోయింది. సాగర్ కనిపించే ఎత్తు ఎంతో నాకు తెలుసు. అది మాట్లాడకూడని వేళ.

ఆ రోజు ఆయనతోపాటు చిక్కడపల్లి దాకా నడిచాను. పక్క నుంచి సిటీ బస్సులు రొద చేస్తూ పోతున్నాయి. మొహమాటపడుతూనే మొదలుపెట్టాను.

"అన్నా, ఆ ప్రార్థన ఏదో పైన ఉన్నప్పుడే కానియ్యరాదు. పదివేల కింద వద్దు."

"పైన ఏం కనవడ్తది తమ్మీ? మబ్బులు. ఎవలి ఇల్లు చూసి చెయ్యాలె?"

"రూల్ నీకు నేను చెప్పాల్నా? ఆ బస్సుల సుత రాసుంటది చూడు, డ్రైవర్‌తోని మాట్లాడొద్దని."

ఆయన ఆగి, నా భుజం మీద చెయ్యి వేసి నవ్వాడు. "డ్రైవర్‌తోని మాట్లాడొద్దన్నరు. దేవునితోని మాట్లాడొద్దని ఏ బస్సులన్న రాసిండ్రా?"

వాక్యం చదివినవాణ్ణి కదా, ప్రార్థన అడ్డం అనే మాట నా నోటి నుంచి ఎలా వస్తుంది? ఆయన పొరపాటు చేస్తాడని కాదు, ఆయన చేతులు బంగారం. అయినా ఆ రోజు నుంచి నాలో ఒక భయం మొదలైంది. ఆయన డ్యూటీలో ఉన్న రోజుల్లో మధ్యాహ్నం పూట విమానం చప్పుడు వినబడితే డాబా మీదికి వెళ్లి నిలబడేవాణ్ణి. అది అశోక్‌నగర్ దాటి దక్షిణానికి సాగిపోయేదాకా కిందికి దిగేవాణ్ణి కాదు. మా ఆవిడ అడిగితే బట్టలు ఆరాయేమో చూస్తున్నానని చెప్పేవాణ్ణి.

కొన్ని నెలలకు రోస్టర్ నన్ను ఆయన వెనక సీట్లో కూర్చోబెట్టింది. ఏటా జరిగే తనిఖీ, ఢిల్లీ నుంచి హైదరాబాద్. పక్క సీట్లో ఉన్న కోపైలట్ నల్లకుంట అబ్బాయి. వేరే సంఘమే అయినా వాళ్లదీ ప్రార్థన చేసే కుటుంబం. కెప్టెన్ గారంటే అతనికి గురువూ, సంఘపెద్దా కలిసిన గౌరవం.

బయల్దేరే ముందు అన్న వెనక్కి తిరిగి, "ఇయ్యాల నువ్వు సుత ఉన్నవ్. నీ పేరు గూడ తీస్త" అన్నాడు.

"అన్నా, పదివేల కింద వద్దు."

ఆయన నవ్వి, ముందుకు తిరిగాడు.

దారంతా మామూలుగానే గడిచింది. దిగడం మొదలయ్యే ముందు క్యాబిన్ సిబ్బందికి పెద్ద లోపలికి తొంగిచూసింది. మాటలో కరుకు, పనిలో మరీ కరుకు ఉన్న మనిషి. "సార్లు, ఛాయ్ తాగేదుంటే ఇప్పుడే తాగుండ్రి. కిందికి దిగుడు షురూ అయితే నా దగ్గర నీళ్లు గూడ దొరకయ్" అని తలుపు వేసుకుంది. ఆ నియమాన్ని ఆమె కంటే బాగా పాటించినవాళ్లను నేను చూడలేదు.

పదివేల అడుగులు దాటాం. కోపైలట్ ఆ మాట చెప్పాడు, అన్న సరే అన్నాడు. తర్వాత నిశ్శబ్దం. నేల మీది నుంచి దారి చెప్పే కంట్రోలర్ ఐదువేల అడుగుల దాకా దిగమన్నాడు. కోపైలట్ ఆ అంకెను అతనికి తిరిగి చెప్పాడు. అన్న మీట తిప్పి ఆ ఎత్తు పెట్టాడు. అంతా పాఠంలో ఉన్నట్టే ఉంది. నేను చిన్నగా ఊపిరి వదిలాను. అనవసరంగా భయపడ్డాననుకున్నాను.

అప్పుడు మబ్బు చీలి కింద నగరం కనిపించింది. ఎండలో సాగర్ తెల్లగా మెరుస్తోంది.

"ప్రభువా," అన్నాడు అన్న.

ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. చెయ్యి మీటల మీదే ఉంది. గొంతు మాత్రం నారాయణగూడకు వెళ్లిపోయింది. మెల్లగా, తీపిగా, మా హాల్లో వినిపించే గొంతు అది. ఒక్కొక్కరి పేరూ తీస్తున్నాడు. ఒక్కో పేరు తర్వాత కోపైలట్ తల వంచి సన్నగా ఆమెన్ అంటున్నాడు. "సుల్తాన్ బజార్‌లో ఉన్న మా తమ్ముని ఇల్లాలు..." అని ఆమె పేరు అందుకున్నాడు.

అదే సమయంలో చెవిలో కంట్రోలర్ మాట్లాడాడు. మా విమానాన్నే పిలిచాడు. ఐదువేలకు వద్దు, ఏడువేల అడుగుల దగ్గరే ఆగండి అన్నాడు.

కోపైలట్ వేలు మైకు మీట వైపు కదిలింది. మీట మీదికి వెళ్లి, నొక్కకుండా, అలాగే గాలిలో ఆగింది.

ఆ వేలును నేను ఇప్పటికీ చూస్తుంటాను. ఆ అబ్బాయి విన్నాడు. విన్నాడనడానికి ఆ వేలే సాక్ష్యం. ఆమె ఆరోగ్యం గురించి అన్న ఇంకా వేడుకుంటూనే ఉన్నాడు. ఎత్తు చూపించే అంకెలు కిందికి జారుతున్నాయి. నేనూ విన్నాను. నా నోరు తెరుచుకుంది, మాట రాలేదు. నాలో చిన్నప్పటిది ఏదో మోకాళ్ల మీద కూర్చుని ఉంది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, అమ్మ కదలడం లేదు.

కంట్రోలర్ మళ్లీ పిలిచాడు. ఈసారి గొంతు మారింది. దాని వెంటే, మరో విమానం దగ్గరికి వస్తోందని హెచ్చరించే యంత్రం గొంతు కాక్‌పిట్‌లో లేచింది: "ట్రాఫిక్, ట్రాఫిక్."

"అన్నా! దిగుడు ఆపు! ఆపు!"

అది నా కేకే. ఎవరి ప్రార్థననైనా నేను మధ్యలో తెంపడం నా జీవితంలో అదే మొదటిసారి. అన్న నోరు మూసుకునేలోపే ఆయన చెయ్యి పని చేసింది. విమానం ముక్కు పైకి లేచింది. మా ఒళ్లు సీట్లలోకి కుంగింది. మా కింద, ఎడమ నుంచి కుడికి, మరో విమానం దాటిపోయింది. దాని రెక్క మీద ఎండ తళుక్కుమనడం చూశాను. కిటికీలు కనిపించాయి. కిటికీల వెనక మనుషులు ఉంటారన్న ఆలోచన అప్పుడే వచ్చింది.

ఆ తర్వాత అన్న విమానాన్ని దింపిన తీరులో ఏ వంకా పెట్టలేం. చక్రాలు నేలను తాకినట్టు కూడా తెలియలేదు. ప్రయాణికులు సామాన్లు దించుకుంటున్న చప్పుడు, క్యాబిన్ పెద్ద అందరికీ నమస్తే చెబుతున్న గొంతు తలుపు అవతల వినిపిస్తున్నాయి. ఇంట్లో వాళ్లకు ఫోన్లు చేస్తున్నారు, వచ్చేసినం, బండి పంపు అని. తలుపు ఇవతల మేం ముగ్గురం కదలకుండా కూర్చున్నాం.

మొదట మాట్లాడింది కోపైలట్. "విన్న సార్. ఏడువేలు అన్నది మంచిగనే వినవడ్డది. ఆమెన్ అయినంక చెప్దామనుకున్న."

నిజంగా భయమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. మనిషి మరిచిపోతే గుర్తుచేయడానికి పక్కన ఇంకొకడు ఉంటాడు. అందుకే కదా కాక్‌పిట్‌లో ఇద్దర్ని కూర్చోబెట్టేది. అక్కడ ఆ రోజు ముగ్గురం ఉన్నాం. విన్నవాళ్లమే మర్యాదగా ఆగాం. మా అమ్మానాన్నలు నేర్పిన మంచి అలవాటు, ఏ దురలవాటూ చేయలేని పని చేయబోయింది.

అన్న అడిగాడు. "రాస్తవా తమ్మీ?"

"రాస్త అన్నా."

"ప్రార్థన అని రాస్తవా?"

"అదే రాస్త. వేరేది రాస్తే అబద్ధమైతది."

ఆయనకు పదవీ విరమణ దగ్గరలోనే ఉంది. ఈ నివేదికతో ఆయన ఎగరడం అక్కడితో ఆగిపోవచ్చని ఇద్దరికీ తెలుసు. ఆయన టోపీ తీసుకుని లేచాడు. "రాయి" అన్నాడు. నా ముఖం చూడలేదు.

రాశాను. మరుసటి రోజే ఆయన్ని డ్యూటీ నుంచి తప్పించారు. విచారణ మొదలైంది. కోపైలట్‌నూ ఆపారు.

ఆ ఆదివారం హాలు మెట్లు ఎక్కుతుంటేనే తెలిసింది, సంగతి నాకంటే ముందే వచ్చి కూర్చుందని. అన్న కుర్చీ ఖాళీగా ఉంది. నా వరసలో ఎవరూ కూర్చోలేదు. గ్రూప్స్ అమ్మాయి దూరం నుంచి చూసి తల తిప్పుకుంది. ఒక పెద్దావిడ వినబడేలాగే అంది: "ప్రార్థన చేసిండని పై ఆఫీసర్లకు చెప్పిండంట. ఎవడన్న తాగి నడిపితె చెప్తరు గని."

ఆరాధన అయ్యాక దుప్పట్ల దుకాణం ఆయన నా దగ్గరికి వచ్చాడు. కోపంగా లేడు. కోపంగా ఉంటే బాగుండేది.

"అన్నా, ఒక్కటి అడుగుత, ఏమనుకోకు. మా ఇంటామె పేరు కాడనే ఆపినవంట గదా?"

"అవును తమ్మీ."

"గా దినం నుంచే ఆమెకు జర ఎక్కువైంది. దవాఖాన్ల ఉంచినం. ఉత్తగనే అడిగిన. నువ్వేం పరేషాన్ కాకు."

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. నివేదికలో రాసిన ప్రతి అక్షరం సరైనదే. విమానంలో ఉన్న అందరి ప్రాణాలూ, కింద దాటిన విమానంలోని ప్రాణాలూ ఒక పక్క. దేవుడి ముందుకు వెళ్తున్న ఒక స్త్రీ పేరును నా కేకతో దారిలో ఆపానన్న ఆలోచన ఇంకో పక్క. ఇది మూఢత్వమని మీకు అనిపించవచ్చు. నేను నమ్మినవాణ్ణి. నమ్మినవాడికి ఆ భయం నిజం. ఆమె దవాఖానా నుంచి తిరిగి వచ్చేదాకా కంచం సగంలో వదిలి లేచేవాణ్ణి. అయినా ఒకటి మాత్రం తెలుసు. మళ్లీ ఆ సీట్లో ఉంటే మళ్లీ తెంపుతాను, ఈసారి ఇంకా ముందే తెంపుతాను. ఆ రెండూ కలిసే నాలో ఉండేవి, ఒకటి ఇంకొకదాన్ని తగ్గించలేదు.

ఆమె ఇంటికి వచ్చాక ఒక ఆదివారం అన్న సంఘానికి వచ్చాడు. మనిషి కాస్త చిక్కాడు. ఆరాధన చివర లేచి నిలబడ్డాడు.

"ఇగ నుంచి పైకి పోయినప్పుడు చెయ్యమని నన్ను అడగకుండ్రి. ఇక్కడ అడుగుండ్రి, ఇక్కడే మోకాళ్లూనుదం. పైన నాకు దేవుడు ఇచ్చిన పని వేరే ఉంది. ఆ పని ఇడిసిపెట్టి ఆయన పేరు తీస్తే, ఆయన ఇంటడో లేదో గని, నేనైతే ఆయన చెప్పేది ఇనలేకపోయిన. ఆ దినం మన తమ్ముడు కేక పెట్టిండు. ఆ గొంతు తమ్మునిదే అనుకున్న. తర్వాత ఆలోచిస్తే అట్ల అనిపియ్యలే."

ఎవరూ ఆమెన్ అనలేదు. ఆయన కూర్చున్నాక, పాస్టర్ గారు లేచి నా పక్క ఖాళీ కుర్చీలో వచ్చి కూర్చున్నారు.

కంపెనీ ఆయన్ని మళ్లీ శిక్షణకు పంపింది. కోపైలట్‌తోపాటే, కొత్తగా చేరిన పిల్లల మధ్య బెంచీ మీద కూర్చుని పాఠాలు విన్నాడు. తిరిగి సీట్లోకి అనుమతించే ముందు తనిఖీ ఉంటుంది. దానికి నన్నే పంపమని ఆయనే అడిగాడట. అదే దారి, అదే మధ్యాహ్నం వేళ, పక్కన అదే నల్లకుంట అబ్బాయి.

పదివేల అడుగులు దాటాం. మబ్బు కింద సాగర్ కనిపించింది. చిక్కడపల్లి దగ్గర పడుతోంది, నారాయణగూడ రెక్క కిందికి వస్తోంది. అన్న మెడ వెనక ఒక నరం బిగుసుకోవడం నాకు కనిపించింది. పెదాలు కదల్లేదు. కంట్రోలర్ మాట, కోపైలట్ జవాబు, మీటల చప్పుడు. ఇంకేమీ లేదు. అంత నిండుగా ఉన్న నిశ్శబ్దాన్ని నేను ఏ ఆరాధనలోనూ వినలేదు.

దిగాం. విమానం తన చోట ఆగింది. ఇంజన్లు ఆపారు. ఆఖరున సరిచూసుకోవాల్సిన పనుల పట్టిక మొత్తం చదివారు. అన్న అప్పుడు బెల్టు వదులు చేసుకుని అడిగాడు, "ఇంకేమన్న మిగిలిందా?"

"లేదు సార్, కంప్లీట్."

అన్న కళ్లు మూసుకున్నాడు. "ప్రభువా" అన్నాడు. తెగిపోయిన చోటి నుంచే మొదలుపెట్టాడు, సుల్తాన్ బజార్ తమ్ముని ఇల్లాలి పేరుతో. మేమిద్దరం తలలు వంచాం. ఇంకా ఆ వాక్యం పూర్తికాలేదు.

"సార్, ఆగుండ్రి," అన్నాడు కోపైలట్. "కింది నుంచి ఇంజనీర్ పిలుస్తుండు. ఎడమ దిక్కు బ్రేక్ బాగ వేడిగుందంట."

అన్న నోరు ఆ అక్షరం దగ్గరే ఆగింది. కళ్లు తెరిచి, హెడ్‌సెట్ అందుకుని, "చెప్పు" అన్నాడు ఇంజనీర్‌తో. ఆమెన్ లేదు, ఏమీ లేదు. నేను నా సంచి తీసుకుని మెట్లు దిగాను. ఆయన్ని సీట్లోకి అనుమతించవచ్చని రాయడానికి నాకు అంతకుమించి ఏమీ అక్కర్లేకపోయింది. ఆ తర్వాత, తెలంగాణ వచ్చిన ఏడాది విరమణ పొందేదాకా, ఆయన ఎగిరాడు.

కంపెనీ కారులో ఇంటికి బయల్దేరాను. ఆ స్త్రీ పేరు రెండోసారి కూడా దారిలోనే ఆగిపోయింది కదా అని నారాయణగూడ దగ్గర గుర్తొచ్చింది. ఆమె పేరు పైకి అనబోయాను. ముందు బస్సులు, ఆటోలు కిక్కిరిసి ఉన్నాయి. డ్రైవర్ రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని కళ్లార్పకుండా చూస్తున్నాడు. పెదాలు మూసుకున్నాను. అశోక్‌నగర్‌లో మా ఇంటి ముందు కారు ఆగి, అతను ఇంజన్ ఆపాక, అప్పుడు ఆమె పేరు తీసి ఆమెన్ అన్నాను.